తండ్రి నడక

పెదపాడు చేపల చెరువుల్లో దోనె మీద నిలబడి మేత చల్లే రాజరత్నానికి ముప్పై ఏళ్లలో ఏనాడూ కాలు తడబడలేదు. 2006 వానల్లో మాత్రం రెండుసార్లు నీళ్లలో పడ్డాడు. గట్టు మీద ఊగుతూ నడిచేవాడు, మాట ముద్దగా వచ్చేది. చుక్క ముట్టని ఈ చర్చి సంఘ పెద్ద తాగుతున్నాడని ఊరంతా తేల్చేసింది. ఊరికి వాసనతో పనిలేదు, నడక చాలు.

ఆ మాటలకన్నా రాజరత్నాన్ని తన నీడే ఎక్కువ భయపెట్టేది. పొద్దువాలే వేళ గట్టు మీద అది అచ్చం చనిపోయిన తండ్రి హెన్రీలా నడిచేది.

ఏలూరులో డాక్టరు స్కానింగ్ ఫిల్ములో తల వెనక భాగం మీద వేలు పెట్టాడు. "ఇది చిన్నమెదడండీ. నడక, మాట, చేతి గురి అన్నీ దీని అదుపులోనే ఉంటాయి. మీకిది కుంచించుకుపోతోంది. కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా వస్తుందండీ. మీ నాన్నగారికి ఉండేదా?"

రాజరత్నానికి గట్టు మీది నీడ గుర్తొచ్చింది.

పదిహేనేళ్ల కిందట, తాగి గుడికొస్తున్నాడని హెన్రీకి ప్రభువు బల్ల, అంటే ఆరాధనలో అందరికీ పంచే రొట్టె, ద్రాక్షరసం, ఆపేశారు. సంఘం ముందు ఆ తీర్మానం చదివింది రాజరత్నమే. "నేను తాగలేదురా" అని తండ్రి ముద్దగా అంటే, ఆ ముద్దమాటే రుజువన్నాడు. హెన్రీ మళ్లీ ఆ రొట్టె ముట్టకుండానే పోయాడు.

ఏలూరు నుంచి వచ్చాక మరుసటి ఆదివారం, డాక్టరు కాగితం చదివిన పాస్టరుగారు రొట్టె పళ్లెం తానే తెచ్చి రాజరత్నం ముందు పట్టుకున్నారు. చాచిన చెయ్యి గురి తప్పి రొట్టెను దాటిపోయింది.

"ఉండండి, నేను నోట్లో పెడతానండీ" అన్నారు పాస్టరుగారు.

రాజరత్నం గురి తప్పిన తన చేతి వంకే చూస్తున్నాడు.

"వద్దండీ. ఇది మా నాన్న చెయ్యి అండీ. దీనికి రొట్టె ఇవ్వొద్దని ఒకసారి నేనే అన్నాను."