కమిటీ వచ్చిన రోజు అత్తమ్మ నిద్ర

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన చుట్టాలందరికీ చెప్పుకుంటాడు. అబద్ధం. అది ముక్కు దాకా రావడానికి కాసేపు పడుతుంది, ఆ కాసేపూ ఆయన నోరు మూసుకుంటే చాలు. కానీ ఆ రోజు తప్పు నాదే. "నేను చెప్తనే ఉన్న" అనే మాట అనడానికి పెళ్ళైన నాటి నుంచీ ఎదురుచూస్తున్న మనిషికి, చేతులారా ఆ అవకాశం నేనే ఇచ్చాను.

మేం ఉండేది భివండిలో, కామత్‌ఘర్‌లో. మరమగ్గాన్ని మేం సాంచె అంటాం. మా కార్ఖానాలో ఆరు సాంచెలున్నాయి. కింద అవి, పైన చెక్కలు పరిచి కట్టిన మాళా మీద మేము. మధ్యలో ఒక ఇనుప నిచ్చెన. ఆరూ ఒక్కసారి నడిస్తే నేల అదురుతుంది, పైన గిన్నెల మీద మూతలు వణుకుతాయి, కొత్తగా వచ్చిన చుట్టం రెండు చెవులూ మూసుకుని మమ్మల్ని జాలిగా చూస్తాడు. మేం ఆ రొదలోనే పెదవులు చూసి మాట పట్టుకుంటాం, చేతి సైగతో కూర ఏం వండాలో కూడా తేల్చుకుంటాం. ఎటైనా పెళ్ళికి పోతే మాత్రం మర్యాదగా మాట్లాడుతున్నామనుకుని అరుస్తాం.

మా అత్తమ్మ పెళ్ళై తెలంగాణ నుంచి వచ్చింది మొదలు ఈ చప్పుడులోనే బతికింది. నూలు కండెలు చుట్టి చుట్టి వేళ్ళు వంకర్లు పోయాయి గానీ నోరు మాత్రం చెక్కుచెదరలేదు. మధ్యాహ్నం అన్నం తిని మాళా మీద నడుం వాలిస్తే, కింద సాంచెలు నడుస్తున్నంతసేపూ పక్కన పిడుగు పడ్డా లేవదు.

లాక్‌డౌన్‌లో సాంచెలు ఆగిపోయాయి. పనివాళ్ళు ఊళ్ళకు పోయారు. గల్లీ మొత్తం మూగదైపోయింది. అందరికీ తిండి దిగులైతే అత్తమ్మకు నిద్ర దిగులు కూడా. పగలు లేదు, రాత్రి లేదు, కళ్ళు తెరుచుకుని రేకుల వైపు చూస్తూ పడుకునేది. పక్క కార్ఖానా అతను సాంచెలన్నీ పాత ఇనుము లెక్కన భంగారుకు తూకమేసి అమ్మి, కాల్హేర్‌లో ఒక గోదాంకు కాపలా ఉండడానికి పోయాడు. మా ఆయన కూడా ఒక రోజు భంగార్ వాడిని వెంటబెట్టుకొచ్చాడు. ఆ తూకం మనిషిని గల్లీ చివరిదాకా తిట్టుకుంటూ సాగనంపింది నేనే. అందుకు నేనేమీ సిగ్గుపడడం లేదు.

కొన్నాళ్ళకు, పడిపోయిన చిన్న కార్ఖానాలు మళ్ళీ లేవాలని సర్కారు పైసలిచ్చింది. పాత సాంచెకు కొత్త కిట్టు బిగించుకోవాలి. దారం తెగితే సాంచె తనంతట తానే ఆగిపోతుంది, బట్ట పాడవదు. ఖర్చులో సగం ముందు ఇస్తారు, మిగతా సగం సాంచెలు నడుస్తున్నాయని తేలాక. నాలుగు సాంచెలకు కిట్లు బిగించాం. మిగతా సగం డబ్బు తర్వాత ఇస్తామని కిట్లు అమ్మినవాడికి ఉద్దెర చెప్పాం. పనివాళ్ళు తిరిగొచ్చి సాంచెలు నడిచాయి, అత్తమ్మ మళ్ళీ నిద్రపోవడం మొదలుపెట్టింది.

ఇంతలో కబురు. సర్కారు ఇచ్చిన పైసలు నిజంగా సాంచెల మీదికే పోయాయా, దారిలో ఎవరి జేబులోకైనా మళ్ళాయా అని చూడడానికి ఎమ్మెల్యేల కమిటీ ఒకటి వస్తోందట. వాళ్ళు చూసే కార్ఖానాల్లో మాదీ ఉందట. "నడుస్తున్నాయి" అని రాసుకుంటే మిగతా సగం వస్తుంది. "బంద్" అని రాసుకుంటే ఇచ్చిన సగం కూడా వెనక్కి కట్టాలి. అదే జరిగితే ఈసారి భంగార్ వాడిని నేనే పిలవాలి. మా ఆయన కూడా కాల్హేర్ గోదాం ముందు కర్ర పట్టుకుని కూర్చోవాలి.

దిగులొస్తే నేను ఊడుస్తాను. కార్ఖానా మొత్తం ఊడ్చాను. సాంచెల సందుల్లో పేరుకున్న దూది పీచంతా లాగి పారేశాను. నూనె మరకలు కిరసనాయిలుతో తుడిచాను. దసరాకు చేసినట్టే పసుపు కుంకుమ పెట్టి, ఒక్కో సాంచెకు బంతిపూల దండ కట్టాను. ఇక చివరి మాట చెప్పాను: కమిటీ గల్లీలో అడుగు పెట్టగానే సాంచెలన్నీ ఆపాలి.

ఇది మా మామ పెట్టిన పద్ధతి. పెద్దమనిషి లోపలికి వస్తే సాంచెలు ఆపాల్సిందే. రొదలో నిలబెట్టి మాట్లాడడమంటే గడప బయట నిలబెట్టి మాట్లాడినట్టే. మా అమ్మాయిని చూడడానికి పెళ్ళివాళ్ళు వస్తే ఆపాం, పెద్ద డాక్టరు వస్తే ఆపాం. అది కాకపోతే ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు. మామ పోయిన రోజు అట్లాగే ఆపాం.

మా ఆయన గొణిగాడు. "నడవనియ్యరాదే? వాళ్ళు వచ్చేదే నడుస్తున్నయా లేవా చూసెటందుకు."

"ఏందయ్యా నువ్వు? అసెంబ్లీల కూసునెటోళ్ళు ఇంటికొస్తే చెవులు మూసుకొని నిలవడాల్నా? గట్లెట్ల?"

ఆయన తల గీరుకున్నాడు. అత్తమ్మకు మాత్రం కమిటీ సంగతి చెప్పలేదు. చెప్తే కిందికి దిగి కూర్చుంటుంది. ఇక నల్లా నీళ్ళ నుంచి నా వంట దాకా అన్నీ వాళ్ళకు విన్నవిస్తుంది. ఆమె అన్నం తిని పడుకునే వేళకే వాళ్ళు వస్తారని తెలిసి లోపల సంతోషించాను కూడా.

కార్లు గల్లీ మొదట్లో ఆగాయని సైగ వచ్చింది. నేను చెయ్యెత్తాను. ఆరు సాంచెలూ ఆగిపోయాయి. పనివాళ్ళు చేతులు కట్టుకుని వరసగా నిలబడ్డారు. గుడిలా ఉంది కార్ఖానా. నాకు ఎంత గర్వమో!

ముందు ఒక పెద్దామె వచ్చింది. నూలు చీర, కాళ్ళకు కాన్వాస్ బూట్లు. అందరూ ఆమెను తాయి అంటున్నారు, కమిటీకి ఆమే పెద్ద. వెనక ఇంకో ముగ్గురు సభ్యులు, కాగితాలు పట్టుకున్న ఒక గుమాస్తా. బూట్లు, చెప్పులు గడప బయట విడిచి వచ్చారు. సభ్యుల్లో ఒక సన్నటాయన దండం కూడా పెట్టకుండా నేరుగా సాంచెల దగ్గరికి పోయాడు. మాటలన్నీ హిందీలో, నేను మన భాషలో చెప్తున్నాను.

"బంద్ ఉన్నాయే?" అన్నాడాయన.

మా దగ్గర ఇరవై ఏళ్ళుగా పనిచేసే ముసలి పనివాడు భక్తిగా ముందుకొచ్చాడు. "కిట్టు పనే అది కదా సాహెబ్, ఆపుడు!"

ఆయన నవ్వలేదు. సాంచె మీద వేలితో గీసి, వేలు చూసుకున్నాడు. "దూది పీచు ఏది? నూనె ఏది? నడిచే సాంచె ఇట్లా పెళ్ళికూతురిలా ఉంటుందా? ఇంకో ఊళ్ళో ఇట్లాగే పూలు కట్టి చూపించారు. తర్వాత తెలిసింది, మా కోసం ఒక్కరోజు కిరాయికి తెచ్చిన మిషన్లని."

అతి వినయం ధూర్త లక్షణం అని మా అమ్మ అనేది. ఎవరినో అంటుందనుకున్నాను ఇన్నాళ్ళూ.

"నడుపుతం సాహెబ్! ఇప్పుడే నడుపుతం!" అన్నాను. అన్నానా, అరిచాను. ఆ నిశ్శబ్దంలో నా గొంతు నాకే భయమేసింది. గుమాస్తా రెండడుగులు వెనక్కి వేశాడు.

"మేం వచ్చామని ఎవరైనా నడుపుతారమ్మా. రోజూ నడుస్తున్నాయని ఎట్లా తెలియాలి? కరెంటు బిల్లు చూపించండి."

గోరుచుట్టు మీద రోకటిపోటు. మీటరు జాగా యజమాని పేరు మీద ఉంది. మూడు కార్ఖానాలకు కలిపి ఒకటే బిల్లు. పోనీ నేసిన తాన్లు చూపిద్దామంటే, కార్ఖానా విశాలంగా కనబడాలని ముందు రోజే అన్నీ, మాకు నూలిచ్చి నేయించుకునే సేఠ్‌కు పంపించేసింది ఎవరు? నేనే. రుజువనేది ఒక్కటీ మిగలకుండా నా చేతులతో నేనే కడిగి పెట్టాను.

గుమాస్తా కలం విప్పి, కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. మరాఠీలో "బం" అని రాయడం నాకు కనబడింది. మా ఆయన నా చెవి దగ్గరకు వంగాడు. "నేను చెప్తనే ఉన్న." కోపం ముక్కు దాకా వచ్చి, కళ్ళలోకి మళ్ళింది. పక్క కార్ఖానా అతని ఖాళీ జాగా, తూకం గుండ్లు, అన్నీ గిర్రున తిరిగాయి.

అప్పుడు పైన ఏదో దబ్బుమంది. నిచ్చెన కిర్రుమంది.

జుట్టు విరబోసుకుని, ఒక కాలికి చెప్పు, ఒక కాలు ఉత్తది, అత్తమ్మ దిగుతోంది. సగం నిచ్చెన మీది నుంచే గల్లీ అదిరేలా అరిచింది.

"ఎవలు పోయిండ్రే?"

ఆమె కిందికి దిగి మమ్మల్ని వేలు పెట్టి లెక్కపెట్టింది. "కొడుకున్నడు. కోడలున్నది. పనోళ్ళున్నరు. అందరు మంచిగనే ఉన్నరు గదా? మరి సాంచెలెందుకు ఆపిండ్రు?" అంతలో కాగితాల మనుషులు కనబడ్డారు. ఆమె ముఖం పాలిపోయింది. "మల్ల బంద్ వెట్టిండ్రా? గా బీమారి మల్లొచ్చిందా?"

"ఏమంటోంది పెద్దావిడ?" అని అడిగింది తాయి.

ఇంకేం దాస్తాను? "ఎవరు చచ్చిపోయారని అడుగుతోంది తాయీ. రోజూ ఈ వేళకు ఆమె పైన పడుకుంటుంది. సాంచెలు నడుస్తుంటేనే ఆమెకు నిద్ర. ఆగితే మెలకువ."

"రోజూనా?"

"రోజూ."

సన్నటాయన అడ్డం వచ్చాడు. "మేం వస్తున్నట్టు ఈమెకు చెప్పారా?"

"లేదు సాహెబ్. చెప్తే నా వంట గురించి మీకు ఫిర్యాదు చేస్తుందని దాచాను."

ఆయన మూతి మొదటిసారి కాస్త వంకర తిరిగింది. అత్తమ్మ అప్పటికే తాయి చెయ్యి పట్టుకుంది. ఆమె హిందీ సగం హిందీ, సగం మన మాట. ఎవరికైనా అర్థమవుతుంది.

"నువ్వు సర్కారు మనిషివా బిడ్డా? అయితే ఒక్కటి చెప్పు. మల్ల బంద్ వెడ్తరా? గప్పుడు మస్తు దినాలు కన్ను మూయలే నేను. చప్పుడు లేకుంటే ఎవలో పోయినట్టే ఉంటది ఇల్లు. గీ కిట్లు వచ్చినంకనే జర నిద్ర వడ్తున్నది. ఎవలు ఆపమన్నరు చెప్పు, నువ్వేనా?"

తాయి నా వైపు చూసింది. అందరూ నా వైపే చూశారు.

"నేనే ఆపిన అత్తమ్మా. పెద్దోళ్ళొచ్చిండ్రని, మర్యాదకు."

"మర్యాదా? నీ మర్యాద మండ! మర్యాదుంటే చాయ్ పొయ్యి. సాంచె ఆపుడేందే?"

ముందు నవ్వింది సన్నటాయనే. తర్వాత తాయి పగలబడి నవ్వింది. "పెద్దావిడ చెప్పింది కదా, నడపండి" అంది.

ఒకటి, రెండు, ఆరు. నేల అదిరింది, బంతిపూల రేకులు రాలాయి. గుమాస్తా చెవులు మూసుకున్నాడు. అత్తమ్మ గోడవారగా ఉన్న నూలు బస్తా మీద కూలబడింది. మళ్ళీ ఎవరు ఆపుతారో చూద్దామని నా మీద కన్నేసి కూర్చుంది. కన్ను ఎంతసేపు? తల మెల్లగా ఒరిగింది.

సన్నటాయన అంతటితో వదల్లేదు, వదలకూడదు కూడా. కిట్టున్న సాంచె దగ్గరికి పోయి తన చేత్తో దారం తెంపాడు. సాంచె టక్కున ఆగింది. అత్తమ్మ ఒక కన్ను తెరిచింది. పనివాడు పోగు అతికాడు, సాంచె నడిచింది, కన్ను మూతపడింది. ఆయనకు సరదా పుట్టినట్టుంది. నాలుగు సాంచెలకూ తెంపి చూశాడు. నాలుగుసార్లూ అత్తమ్మ కన్ను తెరుచుకుని మూసుకుంది. చివరిసారి ఆయన సాంచెను చూడ్డం మానేసి అత్తమ్మనే చూశాడు.

గుమాస్తా రాసింది కొట్టేసి ఇంకేదో రాశాడు. మధ్యలో తాయి నిలబడడంతో నాకు కనబడలేదు. తాయి పెదవులు మాత్రం చదివాను. నడుస్తున్నాయి, అంటోంది. అందరూ గడప దాటి, బూట్లు చేతుల్లో పట్టుకుని, మునివేళ్ళ మీద పోయారు, ఆరు సాంచెల రొదలో ముసలామెకు నిద్రాభంగం కాకూడదని. నేను గట్టిగా ఏడ్చాను. సంతోషం ఆపుకోలేకపోయాను. ఏమంటున్నావని మా ఆయన సైగ చేశాడు. చాయ్ పెడుతున్నానన్నాను.

మిగతా సగం వచ్చింది. కిట్లవాడి బాకీ తీరింది. ఆ తర్వాత ఒక రోజు ఆఫీసు నుంచి కమిటీ కాగితం నకలు కూడా ఇచ్చారు. పుట్టింటికి వచ్చిన మా అమ్మాయి మరాఠీ బడిలో చదివింది, అదే అందరి ముందూ చదివి వినిపించింది. సాంచెలు నడుస్తున్నాయా అన్న చోట అవును అని ఉంది. దేన్ని చూసి ఆ మాట రాశారు అన్న చోట దాని గొంతు ఆగింది. నవ్వుతూ మళ్ళీ చదివింది. "ఇంటి పెద్దావిడ నిద్ర."

మేమంతా పొట్ట పట్టుకుని నవ్వుతుంటే అత్తమ్మ నవ్వలేదు. ఆ కాగితం తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చింది.

"బీరువాల పైలంగ వెట్టు కోడలా. మల్ల ఎవలన్న బంద్ వెడ్తమని వస్తే చూపిద్దం."