బెల్లపు మేకలు

ఒక ఆట పలక మూలంగా కన్నబిడ్డను అత్తగారి ఊరి పాలు చేసుకున్న మగవాడు, హోసూరు, కృష్ణగిరి రెండూ జల్లెడ పట్టినా, నేను తప్ప ఇంకొకడు దొరకడు. ఆ ఘనతకు ఎవరూ పోటీ రాలేదు కనుక ఇన్నేళ్లుగా నా దగ్గరే ఉంది. మెడ నిలబడని పిల్లవాడికి అట్టపెట్టెల నిండా ‘బుద్ధి పెంచే ఆటలు’ కొనిచ్చి, వాడు పెట్టె మూత నాకుతుంటే ‘చూడండి, ఆలోచిస్తున్నాడు’ అని మురిసిపోయే ఈ కాలపు తల్లిదండ్రులారా, కాస్త ఆగండి. మీకన్నా ముందు ఆ గోతిలో పడ్డవాణ్ణి నేను. గొయ్యి కూడా నేనే తవ్వుకున్నాను, ఎవరి సాయమూ లేకుండా.

అరవైల మొదట్లో మాట. మత్తిగిరి పశువుల ఫారంలో మేత తూచే పని నాది. బడి చదువు ఐదో తరగతి. తక్కిన చదువంతా పొట్లాల కాగితాల మీద సొంతంగా సంపాదించాను. శనగలు కొంటే శాస్త్రం, పకోడీలు కొంటే రాజకీయం. నూనె అంటని చోట చదివేవాణ్ణి, అంటిన చోట ఊహించేవాణ్ణి. ఊహించిన భాగంలోనే నాకు గర్వం ఎక్కువ.

అప్పటికి మా లచ్చిమికి రెండేళ్లు. నా భార్య మునెమ్మ మళ్లీ కడుపుతో ఉంది. కుందారపల్లిలో మేకల మంద ఉన్న మా మామ తిమ్మరాయప్ప వచ్చి, గొంగళి దులిపి, తీర్పు చెప్పేశాడు.

“పెద్దదాన్ని మా ఇంటికి పంపీ అల్లుడా. బడికి పొయ్యే ఈడు వచ్చేదాకా ఆడే పెరుగుతాది.”

“మేకల ఎనక తిరిగి ఏం నేర్చుకుంటాది మామా?”

“ఈడ నీ ఎనక తిరిగి ఏం నేర్చుకునింది?”

నేర్చుకున్న బిడ్డ ఆ సమయానికి గోడ సున్నం గీరి నాకుతోంది.

నాకు రోషం పొడుచుకొచ్చింది. “ఉగాదికి రా మామా. నా బిడ్డ తెలివి చూసి నువ్వే ఈడ వదిలిపెట్టి పోతావు.”

“తెలివి కనబడకపోతే?”

“నువ్వే ఎత్తుకోని పో!”

మునెమ్మ నన్ను చూసిన చూపుకు పొయ్యి మీద పాలు విరిగిపోవలసింది. మేక పిల్లల మధ్య నా కూతురు పెరగడమా? పొట్లాల పండితుడి కూతురా? ప్రాణం ఉండగా జరగనివ్వనని నిశ్చయించుకున్నాను.

ఈ ధైర్యమంతా ఒక శనగల పొట్లం ఇచ్చింది. పసిపిల్లలకు పలక మీద ఆడే ఆటలు నేర్పితే లెక్క, ఓర్పు, ముందుచూపు వస్తాయని ఎవరో మహానుభావుడు అందులో రాశాడు. ‘అయితే ఆటను ఎంచుకునేటప్పుడు ముఖ్యంగా గమనించవలసినది’ అన్న చోట ‘తరువాయి ఐదో పేజీలో’ అని ఉంది. ఐదో పేజీలో ఎవరు శనగలు కట్టించుకుని పోయారో! ముఖ్యమైనది తప్ప తక్కినదంతా తెలిసింది కదా, అది చాలనుకున్నాను.

ఆదివారం బస్సెక్కి కృష్ణగిరిలో ఒక బొమ్మల దుకాణానికి వెళ్లాను.

“ఎంత బిడ్డకప్పా?” అన్నాడు దుకాణదారు.

“రెండేండ్లు.”

“గిలక్కాయి తీసుకో.”

“గిలక్కాయితో బుద్ధి పెరుగుతాదా?”

“చిన్నప్పుడు నువ్వు దేంతో ఆడినావు?”

“గిలక్కాయితోనే.”

ఆయన నన్ను తల నుంచి పాదాల దాకా చూశాడు. “అయితే వద్దులే. వేరేది చూపిస్తా.”

వైకుంఠపాళి పటం ఇచ్చాడు. లచ్చిమి పాములను చూసి జడుసుకుంది, ఏడ్చింది, పటం చించింది, చించిన పాములను నమిలింది. తర్వాత చదరంగం తెచ్చాను. గుర్రం తల కొరికింది. ఏ ఆటకైనా ఆమె దగ్గర ఒకటే ఎత్తు.

చివరకు పులిజూదం ఎంచుకున్నాను. చెక్క మీద బొగ్గుతో గీతలు గీస్తే పలక సిద్ధం. పైగా మేకల వాళ్ల మనవరాలు మేకల ఆట ఆడితే మామ ముందు ఇంకా శోభ. పులులు బిడ్డవి, మేకలు నావి. పులి మేక మీదుగా దూకితే మేక చచ్చినట్టు. పులులుగా బిడ్డ నోట్లో పట్టని రాళ్లు, మేకలుగా చింతగింజలు పెట్టాను. మునెమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

“ఏమయ్యా, గొంతులో ఇరుక్కుంటే ఏం గతి? బిడ్డ యాడ పెడతాదో తెలీదా నీకు?”

తెలుసు. అప్పుడే నాకు జ్ఞానోదయమైంది. బిడ్డ నోట్లో పెట్టుకోకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. అందుకని నోట్లోకి పోయేదాన్నే మారిస్తే సరి! నల్లబెల్లం చిన్న చిన్న ఉండలు చుట్టి మేకలుగా నిలబెట్టాను. దూకితే తినాలి. నిజం పులి చేసేది కూడా అదే కదా? ఇంత గొప్ప పద్ధతి ఐదో పేజీలో కూడా ఉండి ఉండదు.

బిడ్డ నేర్చుకుంది! నిజంగా నేర్చుకుంది. పులిని ఎత్తేది, మేక మీదుగా దూకించేది, మేకను పట్టి “ఆమ్!” అని మింగేది. నేను వీధిలో నడిచే తీరే మారిపోయింది. ఫారంలో ఎద్దులకు కూడా చెప్పాను.

ఉగాదికి మామ వచ్చాడు. మునెమ్మకు పాలకని ఒక మేకను కూడా తోలుకొచ్చి పెరట్లో కట్టాడు. మేం కాఫీ తాగి లేచేసరికి, పలక మీద పేర్చిన బెల్లపు మేకలను లచ్చిమి ఒకటి మిగల్చకుండా తినేసి పెదవులు నాకుతోంది. ఇంట్లో ఇంక బెల్లం లేదు.

“పోనీలే, బెల్లంతో మేకలేందప్పా? చీమలు పట్టవా?” అని మామ పెరట్లోకి పోయి, ఆ మేక అప్పటికే ధారాళంగా రాల్చిన పెంటికలను గుప్పెడు ఏరుకొచ్చాడు. “కొండ మింద మేం వీటితోనే ఆడతాం. మేకకు మేక సరుకే ఉండాల.”

అయ్యా, అప్పుడు నేను నోరు తెరవాలి కదా? తెరవలేదు. పందెం గెలిచే వేళ మామకు ఎదురు చెప్పడమెందుకని ఊరుకున్నాను. నల్లగా, గుండ్రంగా, నా బెల్లపు ఉండల అచ్చు కవలల్లా అవి పలక మీద వరుసగా నిలబడ్డాయి.

లచ్చిమి చూసింది. పులిని ఎత్తింది. చక్కగా మేక మీదుగా దూకించింది.

మామ కళ్లు పెద్దవయ్యాయి. “ఓరి నీ తెలివి కాల! నిజంగానే నేర్చినాది! ఓడిపోయినానప్పా అల్లుడా. బిడ్డ ఈడనే ఉండనీ.”

నా గుండె ఉబ్బి చొక్కా గుండీని పరీక్షిస్తున్న ఆ క్షణాన, నా కూతురు ఆట నియమం తప్పకుండా పూర్తి చేసింది.

“ఆమ్!”

మునెమ్మ వాకిట్లోకి వచ్చేసరికి ఇద్దరు మగవాళ్లం విగ్రహాల్లా నిలబడి ఉన్నాం.

“బిడ్డ నోట్లో ఏముండాది?”

“మేక,” అన్నాను.

“ఏం మేక?”

“మీ నాయన్ని అడుగు.”

“నన్నెందుకప్పా అంటావు? తినమని నేర్పించినోడివి నువ్వు!”

“ఏరుకొచ్చినోడివి నువ్వు మామా!”

మునెమ్మ బిడ్డ నోట్లో వేలు పెట్టి కక్కించి, నీళ్లు పోసి పుక్కిలింపజేయబోయింది. లచ్చిమి మూతి తుడుచుకుని, బెల్లం కన్నా చప్పగా ఉందో లేదో తేల్చుకోలేనట్టు మొహం పెట్టి, తాత ముందు అరచేయి చాచింది.

“తాతా, ఇంగొకటి.”

మామ నవ్వాపుకోలేక గొంగళిలో మొహం దాచుకున్నాడు. మునెమ్మ మాత్రం నవ్వలేదు. బిడ్డను ఎత్తి తండ్రి భుజం మీద కూర్చోబెట్టింది.

“ఎత్తుకోని పో నాయనా.”

“ఏం మునెమ్మా! మామే ఓడిపోయినానన్నాడు కదా! ఆట వచ్చింది కదా!” అన్నాను.

“ఆట వచ్చిందిలే. మేకల కాడ పెరిగితే ఏది బెల్లమో ఏది పెంటికో అన్నా తెలుస్తాది.”

జవాబు కోసం నా పొట్లాలన్నీ విప్పి వెతికాను. నా బిడ్డ తాత భుజమెక్కి, బస్సులో నుంచి నాకు చేయూపుతూ కుందారపల్లికి పోయింది. మేక మాత్రం నా దగ్గర మిగిలింది.

ఆ సాయంత్రం కాళ్లు చేతులు కడుక్కుని, మేక సాక్షిగా, అరచేయి గుండె మీద పెట్టి ప్రమాణం చేశాను. నా ఒంట్లో ప్రాణం, నోట్లో ఒక్క పన్నైనా ఉన్నంతకాలం, ఎంత బుద్ధి పెంచే ఆటైనా సరే, ముందు నేను నమిలి చూడనిదే ఏ పసిబిడ్డ ముందూ పెట్టను.