షిఫ్ట్ మీటా, మాస్టారి కండువా

మా ఆసుపత్రి రికార్డుల గదిలో కొత్తగా చేరిన అమ్మాయి మొన్న ఏదో ఆలోచనలో పడి కీబోర్డు మీద షిఫ్ట్ మీటను వేలితో టకటకా కొడుతూ కూర్చుంది. ఐదోసారికి కంప్యూటరు కూతపెట్టింది. సన్నగా మొదలై పైకి లేచే చిన్న కూత అది. తెర మీద ఏవో ఇంగ్లీషు మాటలున్న ఒక పెట్టె తెరుచుకుంది. ఆ అమ్మాయి చదవకుండానే దాన్ని మూసేసి, తప్పు చేసినదానిలా నావైపు చూసింది. నేను మాత్రం ఆ క్షణంలో రాజమండ్రిలో లేను. రావులపాలెం మెయిన్ రోడ్డులో, ఎరువుల కొట్టు పైన, అరటి గెలల లారీల హారన్లు కిటికీలోంచి వినబడే పొడుగాటి గదిలో ఉన్నాను. ఆ గది సూర్యప్రకాశం మాస్టారి టైపు ఇనిస్టిట్యూటు.

మాది ఆత్రేయపురం. మా అమ్మ పూతరేకులు తీసేది. వేడెక్కిన కుండ మీద పిండిలో తడిపిన గుడ్డను రెండు చేతులా సాగదీసి పరిచి లాగడం, పల్చటి రేకును చిరగకుండా ఎత్తడం నాకు చిన్నప్పుడే వచ్చేసింది. డిగ్రీ చదువుతూ, పొద్దున్నే బస్సెక్కి రావులపాలెం వచ్చి టైపు నేర్చుకునేదాన్ని. లోయరు పరీక్ష పాసయ్యాను. దాని పైదైన హయ్యరు పరీక్షకు ఫీజు కడదామనుకుంటున్న రోజుల్లో అన్నయ్య స్కూటరు మీద కాలవగట్టున వస్తూ పడిపోయాం. అన్నయ్యకు గీతలు పడ్డాయి. నాకు మాత్రం ఎడమ భుజం దగ్గర నరాలు తెగిపోయాయి. కాకినాడలో పెద్ద డాక్టరుగారు చాలాసేపు పరీక్షించి, ఇక ఆ చెయ్యి లేవదని మెల్లగా చెప్పారు. చెయ్యి ఉంది, నాది కానట్టు వేలాడుతూ ఉంది. అమ్మ రేకులు తీస్తుంటే ఆ గదిలోకి వెళ్ళడం మానేశాను. కొంతకాలానికి వీధిలోకి రావడం కూడా మానేశాను.

ఒక మధ్యాహ్నం మాస్టారు గొడుగు వేసుకుని మా ఇంటికి వచ్చారు. పొట్టిగా, పల్చగా ఉండే మనిషి. భుజం మీద ఎప్పుడూ తెల్ల కండువా ఉండేది. పలకరింపుల్లో నా చెయ్యి మాట ఎత్తలేదు. అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, "నాలుగు మిషన్లు అమ్మేసి ఒక కంప్యూటరు కొన్నానమ్మా. పిల్లలందరూ కంప్యూటరంటున్నారు కదా. తీరా కొన్నాక దాని ముందు కూర్చోవాలంటే భయమేస్తోంది. ఓసారి వచ్చి చూడు" అన్నారు.

"నేనొచ్చి ఏం చేస్తానండీ మాస్టారూ? రెండు చేతులూ ఉండాలి కదండీ."

"చూడ్డానికి రెండు చేతులెందుకమ్మా?"

ఈ మాటకు అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాకు కోపం వచ్చింది. అయినా మర్నాడు బస్సెక్కాను. ఆ మనిషి ఎండలో అంత దూరం వచ్చి అడిగాక వెళ్ళకపోతే బాగుండదని అనిపించింది, అంతే.

నిజంగానే కొన్నాళ్ళు చూస్తూ కూర్చున్నాను. మాస్టారు ఇంగ్లీషు డిక్షనరీ పక్కన పెట్టుకుని కంప్యూటరుతో పోట్లాడేవారు. ఆయనకో అలవాటుండేది. తెర మీద ఏ పెట్టె వచ్చినా పూర్తిగా చదివేదాకా కదిలేవారు కాదు. మిగతావాళ్ళు విసుక్కునేవారు. అప్పటికే అంతా తెలిసినట్టుండే చంద్రశేఖర్ అనే కుర్రాడు, "ఓకే కొట్టేయండి మాస్టారూ, ఎవరూ చదవరండీ అవన్నీ" అనేవాడు. అందరూ ఇంటికి వెళ్ళిపోయిన ఒక సాయంత్రం నేను పాత టైపు మిషను ముందు కూర్చుని కుడిచేత్తో మా ఊరి పేరు ఇంగ్లీషులో కొట్టి చూశాను. మొదటి అక్షరం 'ఏ'. ఆ మీట ఎడమ చివర ఉంటుంది. ఎడమచేతి అక్షరానికి కుడి చివరి షిఫ్టే నొక్కాలని నేర్చుకున్న చెయ్యి నాది. రెండూ ఒకేసారి నొక్కితేగాని పెద్దక్షరం పడదు. నా అరచెయ్యి అంత సాగలేదు. మా ఊరి పేరు చిన్నక్షరంతోనే పడింది. కాగితం లాగేసి, నలిపి, కిటికీలోంచి రోడ్డు మీదకు విసిరేశాను.

తర్వాత కొద్దిరోజులకే జరిగింది ఆ సంగతి. మాస్టారు ఏదో ఆలోచిస్తూ షిఫ్ట్ మీటను పొడుండబ్బా తట్టినట్టు తడుతున్నారు. కూత వచ్చింది. పెట్టె తెరుచుకుంది.

"ఎర్రరండీ మాస్టారూ, క్యాన్సిల్ కొట్టేయండి" అన్నాడు చంద్రశేఖర్.

"ఉండవయ్యా. మనల్నేదో అడుగుతోంది. గుమ్మంలోకొచ్చి అడిగినవాడి ముఖాన తలుపేసేస్తామా ఏంటి?"

డిక్షనరీ తిప్పుతూ, పెదాలు కదుపుతూ చదివారు. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయారు. మళ్ళీ మొదట్నుంచి చదివారు. తర్వాత కుర్చీలోంచి లేచారు. నా ముఖం చూడలేదు. "కాఫీ తాగొస్తాను. ఆ పెట్టె మటుకు ఎవరూ మూయకండి. చంద్రశేఖరం, నువ్వూ రావయ్యా, ఒక్కణ్ణే తాగలేను" అని అతణ్ణి వెంటబెట్టుకుని మెట్లు దిగిపోయారు.

కుర్చీ ఖాళీగా ఉంది. వెళ్ళి కూర్చున్నాను. షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్ మీటలను వేరే మీటతో కలిపి పట్టుకోలేనివాళ్ళు ఒకదాని తర్వాత ఒకటిగా నొక్కవచ్చని, మొదట నొక్కినదాన్ని కంప్యూటరే పట్టుకుని ఉంచుతుందని ఆ పెట్టెలో రాసి ఉంది. ఓకే నొక్కాను. షిఫ్ట్ నొక్కి వదిలేశాను. నింపాదిగా చెయ్యి తీసుకెళ్ళి 'ఏ' నొక్కాను. పెద్దక్షరం పడింది. మా ఊరి పేరు మొత్తం కొట్టాను. ఎవరో ఎక్కడో, నాలాంటివాళ్ళు ఉంటారని ముందే అనుకుని, వాళ్ళకోసం ఈ ఏర్పాటు చేసి, ఎవరూ చదవని ఒక పెట్టెలో పెట్టి వదిలేశారు. ప్రమాదం జరిగిన నాటినుంచి ఏడవని నేను అక్కడ కూర్చుని ఏడ్చాను. మాస్టారు కాఫీకి చాలాసేపు తీసుకున్నారు. వచ్చాక తెర మీది అక్షరాలు చూసి, "ఇప్పుడు వేళ్ళ సంగతి చూడాలి" అని మాత్రం అన్నారు.

టైపులో పది వేళ్ళకూ స్థానాలుంటాయి. ఐదు వేళ్ళకు ఏ పుస్తకంలోనూ లేవు. మర్నాడు వెళ్ళేసరికి మాస్టారు తన ఎడమచేతిని కండువాతో నడుముకు కట్టేసుకుని కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నారు. కుడిచెయ్యి ఎక్కడ ఆనిస్తే రెండు వైపులా సమానంగా అందుతుంది, ఏ అక్షరానికి ఏ వేలు వెళ్ళాలి అన్నది తనమీదే ప్రయోగం చేసుకుంటున్నారు. పిల్లలు నవ్వుతుంటే ఆయనా నవ్వేవారు. మధ్యలో ఆయన భార్య సుభద్రగారు క్యారేజీ తెచ్చి, ఆ అవతారం చూసి, "ఇదేం చోద్యమండీ! అన్నం తినేటప్పుడైనా విప్పుతారా?" అన్నారు. "కుడిచేత్తోనే కదే తినేది" అన్నారు మాస్టారు. కొన్ని రోజుల తర్వాత కండువా విప్పి, కుడిచెయ్యి సరిగ్గా మీటల నడుమ ఆనాలని తేల్చారు. ఈనాటికీ నా చెయ్యి అక్కడే వాలుతుంది.

ఉద్యోగానికి మొదట వెళ్ళిన ఆఫీసులో పెద్దమనిషి నా భుజం చూసి, "చూస్తుంటేనే కడుపు తరుక్కుపోతోందమ్మా, నీకెందుకీ శ్రమ" అని పరీక్ష పెట్టకుండానే పంపేశారు. అది చెబితే మాస్టారు మండిపడ్డారు. "ఫెయిల్ చేస్తే చెయ్యమను. పరీక్షే పెట్టకపోవడం ఏంటి?" అన్నారు. రెండోసారి రాజమండ్రిలో ఒక నర్సింగ్ హోముకు వెళ్ళేటప్పుడు తోడు రమ్మని బతిమాలాను. రానన్నారు. "నేనొస్తే నిన్ను కాదమ్మా, నన్ను చూస్తారు. నేను చెప్పేది వింటారు. నువ్వే వెళ్ళు. ఆ మీట ఏ కంప్యూటర్లోనైనా ఉంటుంది."

అక్కడ ఆఫీసు చూసుకునేది డాక్టరుగారి భార్య. ఒక డిశ్చార్జి కాగితం ఇచ్చి కొట్టమన్నారు. షిఫ్ట్ ఐదుసార్లు నొక్కాను. కూత వినగానే ఆవిడ ఉలిక్కిపడ్డారు. "ఏంటమ్మా, పాడుచేశావా?"

"లేదండి. నాకు వీలుగా పెట్టుకున్నానండి."

ఆవిడ నా వెనకే నిలబడి చివరిదాకా చూశారు. "తప్పుల్లేవు. కానీ బాగా నిదానం. నెలరోజులు చూస్తాను, ఆ తర్వాత ఏమీ అనుకోకూడదు" అన్నారు.

ఆ నెల నాకు భయంతోనే గడిచింది. పక్క సీటులోని అమ్మాయి రెండు కాగితాలు ముగించేసరికి నేను ఒకటి ముగించేదాన్ని. మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు, మాస్టారిలాగే, మెనూలు ఒక్కొక్కటే తెరిచి చదవడం మొదలుపెట్టాను. తప్పుగా కొట్టిన మాటను కంప్యూటరు తనంతట తానే దిద్దే ఏర్పాటు ఒకటి కనబడింది. ఏది తప్పో, దాన్ని ఏమని దిద్దాలో మనమే చెప్పవచ్చట. తప్పుల జాబితాలో నేనొక మూడక్షరాల ముక్క పెట్టాను. దాని ఎదుట, డిశ్చార్జి కాగితాలన్నిట్లో మొదట వచ్చే పొడుగాటి వాక్యం పెట్టాను. మూడక్షరాలు కొట్టి స్పేసు నొక్కగానే వాక్యం మొత్తం పరుచుకుంది. జ్వరానికొకటి, కాన్పుకొకటి, కుట్లకొకటి చేర్చుకుంటూ పోయాను. నెల తిరిగేసరికి పక్క సీటు అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "అక్కా, నాకూ చూపించవా" అంది. మేడమ్‌గారు నెల గడువు మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆదివారం రావులపాలెం పరిగెత్తాను. మాస్టారికి చేసి చూపించాను. ఆయనకు అది తెలియదు. కళ్ళజోడు పైకి తోసుకుని, మళ్ళీ చెయ్యమన్నారు. మళ్ళీ చేశాను. "ఒసే సుభద్రా, ఇలా రా! ఇది మన షార్ట్‌హ్యాండే! నేను ముప్ఫై ఏళ్ళు చెప్పిన షార్ట్‌హ్యాండే ఇందులోకి వచ్చి కూర్చుంది!" అని కేకలు పెట్టారు. ఆ ఇనిస్టిట్యూటులో, పొడుగు మాటల్ని చిన్న గీతలతో రాసుకునే షార్ట్‌హ్యాండ్ నేర్చుకోవడానికి ఎవరూ రాక చాలా కాలమైంది. ఆ పూట వచ్చినవాళ్ళందరికీ నాచేత చూపించి, "మా అమ్మాయి కనిపెట్టింది" అని చెప్పుకున్నారు.

తర్వాత ఉద్యోగాలు మారాను. పెళ్ళయింది. రావులపాలెం వెళ్ళడం తగ్గింది. ఇనిస్టిట్యూటు మూసేశారని తెలిసి ఒకసారి వాళ్ళింటికి వెళ్ళాను. కంప్యూటరు మాత్రం వీధిగదిలో ఉంది. మాస్టారి చేతులకు వణుకు వచ్చింది. సుభద్రగారు కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళినప్పుడు, ఆయన ఏదో కొడుతుంటే చూశాను. వేలు మీట మీద వణికి, ఒక్క అక్షరం పడాల్సినచోట నాలుగు పడుతున్నాయి. చెరుపుతున్నారు, మళ్ళీ పడుతున్నాయి. తప్పు లేకుండా కొట్టడం తప్ప మరో గర్వం ఎరగని మనిషి.

ఉండబట్టలేక అన్నాను. "మాస్టారూ, కుడివైపు షిఫ్ట్‌ను కాసేపు అదిమి పట్టుకుంటే..."

"తెలుసమ్మా" అన్నారు తెర వైపే చూస్తూ. "వణుకుతో పడే అక్షరాల్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఎప్పుడో చదివాను."

"మరి?"

"నొక్కబుద్ధి కాలేదు."

చేయి చాపితే ఆ మీట నాకు అందుతుంది. చాపలేదు. కాసేపటికి ఆయనే లేచి, "సుభద్ర ఒక్కతే అవస్థ పడుతోందేమో చూసొస్తాను" అంటూ వంటింటి వైపు రెండడుగులు వేశారు. ఆగిపోయారు. వెనక్కి వచ్చి కూర్చుని, కుడి చిటికెనవేలిని ఎడమచేత్తో పట్టుకుని, షిఫ్ట్ మీద ఆనించి, అదిమారు. పెట్టె తెరుచుకుంది. మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివాకే ఓకే నొక్కారు. తర్వాత తన పేరు కొట్టుకున్నారు. ఒక్కో అక్షరం ఒక్కోసారే పడింది. "బాగానే ఉంది" అన్నారు. కాఫీ గ్లాసులతో వచ్చిన సుభద్రగారికి ఏం జరిగిందో తెలియదు. మేమూ చెప్పలేదు. ఆయన పోయింది ఆ తర్వాత రెండేళ్ళకు.

ఇప్పుడు మా ఆసుపత్రిలో కొత్తవాళ్ళకు పని నేర్పేది నేనే. ఫోనులో అక్షరాలు కనబడక అవస్థపడే పెద్దవాళ్ళు, వినబడక బిల్లు కౌంటరు దగ్గర బిక్కమొహం వేసేవాళ్ళు కూడా ఎవరో పంపితే నా బల్ల దగ్గరికి వస్తుంటారు. అక్షరాలు పెద్దవి చేసుకోవడం, తెర మీది మాటలను ఫోనుచేతే చదివించుకోవడం, ఎదుటివాళ్ళ మాటలను తెర మీద అక్షరాలుగా చూసుకోవడం ఎలాగో నాకు తెలుసు. వాళ్ళ చేతిలోంచి ఫోను లాక్కుని చిటికెలో చేసి ఇవ్వగలను. అలా చెయ్యను. ఎక్కడుందో చూపిస్తాను. చూపించి, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని, ఏదో పని ఉన్నట్టు పక్కకు తిరుగుతాను.