మేనత్త చెప్పని సారీ

నా చిన్నప్పుడు పరాయి దేశంలో, పాసిర్ రిస్ అనే పేటలోని మా ఫ్లాట్‌కి వచ్చే తెలుగువాళ్లలో కంప్యూటర్ ఉద్యోగం లేనిది మా మేనత్త ఒక్కతే. ఆవిడ పాపువా కొండల్లో ఆరుగురు పట్టే చిన్న విమానం నడిపేది. సెలవు దొరికితే మా ఇంట్లో వాలిపోయేది. సాఫ్ట్‌వేర్ మంచి జోరు మీదున్న రోజులవి. ఏదో ఒక కోర్సు చేస్తే ఏసీ గదిలో కూర్చుని బతకొచ్చు కదా అని ఇంటికొచ్చిన ప్రతి ఆంటీ ఆవిడకి హితబోధ చేసేది. ఆవిడ నవ్వుతూ ఇంకో పూరీ వేసుకునేది.

ఆ ఏడు మాత్రం సెలవు మీద రాలేదు. ఒక లోయలో వెళుతుండగా ముందున్న కనుమని మబ్బు కమ్మేసిందట. విమానంలో ఉన్న పెద్ద కస్టమర్ పోనిమ్మని పట్టుబట్టినా, ఈవిడ వెనక్కి తిప్పేసింది. కాసేపటికి మరో పైలట్ అదే కనుమ దాటి వెళ్లాడు. దాంతో ఆ పెద్దమనిషి నానా గోల చేశాడు. ఆయనకి సారీ చెబితే సరే, లేదంటే తిరిగి రావద్దని విమాన కంపెనీ యజమాని తేల్చేశాడు. ఆదివారం ఫోన్ చేస్తానన్నాడు.

ఆ ఉద్యోగం పోతే ఆవిడకి మళ్లీ కొండల్లో ఎగిరే అవకాశం రాదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ ఆదివారం నాన్న పొద్దుటినుంచీ నచ్చజెబుతూనే ఉన్నారు. నాకూ ఉక్రోషం వచ్చి, భయపడి వచ్చేశావు కదా అని ముఖం మీదే అనేశాను.

ఆవిడ నొచ్చుకోలేదు. నా సైకిలు తీసుకుని నన్ను మా బ్లాకు కింది ఖాళీ జాగాలోకి తీసుకెళ్లింది. అక్కడ ఒకవైపు గోడ, మరోవైపు స్తంభాల వరుస. మధ్యలో తొక్కుకుంటూ వెళ్లి, తను చెప్పగానే కాలు కింద పెట్టకుండా వెనక్కి తిరగమంది. తిరగబోయి స్తంభానికి గుద్దుకున్నాను.

"కెనాట్ లా, నా వల్ల కాదు అత్తా," అన్నాను మోచెయ్యి రుద్దుకుంటూ.

ఈసారి గోడని ఆనుకుని వెళ్లమంది. తిరగడానికి దారి వెడల్పంతా నాకే మిగిలింది. సైకిలు సులువుగా తిరిగింది.

"లోయలోనూ అంతేనే. మధ్యలో పోతే చూడ్డానికి దర్జాగానే ఉంటుంది, తిరగడానికి చోటుండదు. అందుకే ఒక పక్క కొండనే పట్టుకుని పోతాం. చోటుండగానే తిరిగెయ్యాలి. ఇరుకులోకి దూరాక బతిమాలితే కొండ జరగదు."

పైకి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. నాన్న రిసీవర్‌ని అరచేత్తో మూసి అందించారు.

"ఒక్క సారీ చెబితే నీ సొమ్మేం పోయిందే? ఆ రెండో పైలట్ దాటాడుగా."

"దాటాడు, అన్నయ్యా. అతను వెళ్లేసరికి మబ్బు ఎలా ఉందో నాకు తెలీదు. నేను చూసినప్పుడు దారి లేదు. నా వెనక కూర్చున్నవాళ్లు ఆ పూట ఇంటికెళ్లి అన్నం తిన్నారు. అందుకా సారీ?"

ఫోన్‌లో ఇంగ్లీషులో నిదానంగా మాట్లాడింది. పిలిస్తే రేపే వస్తానంది. సారీ మాత్రం చెప్పనంది. అలాంటి మబ్బు మళ్లీ ఎదురైతే మళ్లీ తిప్పేస్తానంది. అవతల లైను కట్టయింది. తర్వాత కంచం ముందు కూర్చుని అన్నం కలుపుతూనే ఉంది, ముద్ద ఎత్తలేదు. ఏడుస్తుందేమోనని నాకు భయమేసింది. ఏడవలేదు.

ఆవిడ మళ్లీ కొండల్లో ఎగరలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు నా జుట్టూ నెరుస్తోంది. అందరూ ముందుకి పోతుంటే నీకేం వచ్చిందని అడిగినవాళ్లు ఆఫీసులోనూ ఇంట్లోనూ చాలామందే తగిలారు. దారి కనబడని ప్రతిసారీ, చోటుండగానే తిరిగి వచ్చేశాను. పిరికిదన్నారు, అననివ్వండి. తప్పు చేస్తే క్షమాపణ చెబుతాను. వెనక్కి తిరిగినందుకు మాత్రం ఎవరికీ చెప్పను.