ముప్ఫై నాలుగు డిగ్రీలు

ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గర, టైర్ల షాపు పైఅంతస్తులో, పాల ట్యాంకుల చల్లదనం కొలిచే పెట్టెలు తయారవుతాయి. ఆ పెట్టెలో నడిచే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదటినుంచీ కూర్చడం, అంటే బిల్డ్ చేయడం, చక్రపాణి పని. ఒక్కో బిల్డ్‌కు రెండు గంటలు పడుతుంది. అంతసేపూ ఆయన ఫోను ముట్టడు, ఎవరితోనూ మాట్లాడడు. జ్వరం చూసినట్టు వేలి వెనకతో బోర్డును అప్పుడప్పుడూ తాకుతాడు, చొక్కా అంచుతో కళ్లద్దాలు తుడుచుకుంటాడు. సెన్సర్ నుంచి ఉష్ణోగ్రత చదివే డ్రైవర్ ప్రోగ్రామ్‌ను పన్నెండేళ్ల క్రితం సీ భాషలో రాసింది ఆయనే. ఇప్పుడు ఆయన దగ్గర పనిచేసే కుర్ర ఇంజనీరు జ్యోతిక దాన్ని రస్ట్ అనే కొత్త భాషలో మళ్లీ రాసింది. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో రస్ట్ నడవాలంటే, ఆ భాషను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ కూడా బిల్డ్‌లోకి రావాలి. మూడు వారాలు కూర్చుని ఆ దారి వేసిందీ చక్రపాణే.

"సార్, పాత డ్రైవర్ ఫైల్ తీసెయ్యాల్నా? పైన మీ పేరుంది," అంది జ్యోతిక. "నేనే తీస్తానమ్మా," అని తీసేసి, బిల్డ్ పెట్టి, కళ్లద్దాలు తుడుచుకున్నాడు. మధ్యాహ్నానికి బిల్డ్ అయింది, బోర్డు ఆన్ అయింది. ఎప్పటిలాగే సెన్సర్‌ను రెండు వేళ్ల మధ్య పట్టుకున్నాడు. తెరమీద అంకె ఇరవై ఎనిమిది నుంచి మెల్లగా ఎక్కి ముప్ఫై నాలుగు దగ్గర ఆగింది. "అచ్చం పాతదాని లెక్కనే ఒస్తుంది సార్," అంది జ్యోతిక సంబరంగా. "అదేనమ్మా కావలసింది," అన్నాడు. ఆమె తన సీటుకు వెళ్లిపోయింది. అంకె కదలడం మానేసి చాలాసేపైనా ఆయన వేళ్లు తీయలేదు.