బ్రెడ్ పుడ్డింగ్ తెచ్చిన అనుమానం

ఇవాళ మా ఓవెన్‌లోంచి బ్రెడ్ పుడ్డింగ్ వాసన రాగానే కెనడాలోని బ్రాంప్టన్‌లో నా చిన్నప్పుడు మేమున్న పాత ఇల్లు గుర్తొచ్చింది. బేస్‌మెంట్‌లో అద్దెకుండే స్టూడెంట్ స్రవంతక్క వృద్ధాశ్రమంలో పార్ట్‌టైమ్ పనిచేసేది. అక్కడి ఇంగ్లీషు మామ్మల కోసం నేర్చుకున్న, పాలల్లో బ్రెడ్డు నానబెట్టి చేసే ఈ పుడ్డింగ్‌ని ఒక సాయంత్రం అమ్మకు తెచ్చింది.

మా ఇంట్లో పాలల్లో నానిన బ్రెడ్డు జ్వరమొచ్చిన వాళ్లకే పెట్టేవారు. నాకు ఇంట్లోనే పాఠాలు చెప్పే అమ్మకు ఏదో జబ్బు చేసిందనీ, నా దగ్గర దాస్తున్నారనీ అనుమానం వచ్చింది.

"తినవే, మస్తుంటది," అంది అక్క నాతో.

"అమ్మకి జ్వరమా?"

అమ్మ నవ్వి నా చేతిని తన నుదుటికి ఆనించుకుంది. చల్లగానే ఉంది. అయినా నమ్మకం కుదరక, పోల్చి చూద్దామని అక్క నుదురు తాకాను. కాలిపోతోంది.

"ఏం లేదు ఆంటీ, షిఫ్ట్‌కి పోవాలె."

"షిఫ్టూ లేదు, ఏమీ లేదు. పడుకో," అంది అమ్మ.

ఆ పుడ్డింగ్ అక్కకే చెంచాతో తినిపించింది. పసిపిల్ల అనుమానాన్ని కూడా దేవుడు వాడుకుంటాడని ఇప్పటికీ కృతజ్ఞతతో తలచుకుంటాను.