టీచరమ్మ చదివిన బ్లాగులు

పోయిన శనివారం పెనుకొండలో మా సైన్సు టీచరమ్మ కన్నుమూశారు. ఆమె తమ్ముడు ఫోన్ చేసి, "నిద్దర్లోనే పోయిందప్పా, బాధపడలేదు" అన్నాడు.

చిలమత్తూరు బళ్లో మాకు పాఠాలు చెప్పిన ఆమె, రిటైరయ్యాక కంప్యూటర్ కొనుక్కున్నారు. అప్పట్లో నేను హిందూపురంలో కంప్యూటర్ షాపులో పనిచేసేవాణ్ణి. దాన్ని బిగించింది నేనే. తెలుగు బ్లాగులు అప్పుడప్పుడే మొదలవుతున్న రోజులు.

కొన్నాళ్లకు ఏదో రిపేరుకని వెళితే, ఆమే నాకు ఫీడ్ రీడర్ చూపించారు. వార్తల సైట్లలోగానీ బ్లాగుల్లోగానీ కొత్తగా ఏది వచ్చినా ఆ ఒక్క పేజీలోకి వచ్చి చేరేది.

"ఇంటింటికీ పోయి తలుపు కొట్టే పన్లేదురా. రాసినోళ్లే వచ్చి మన అరుగు మీద కూసుంటారు" అన్నారు.

రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ చదివేవారు. నచ్చకపోతే "తొందరపడి రాసినాడు" అనేవారు. అంతకు మించి ఎవరినీ ఏమీ అనగా నేను వినలేదు.

ఆమెను చూసి నేనూ ఒక బ్లాగు మొదలుపెట్టాను. మా చేను, గొర్రెలు, సంత గురించి రాసేవాణ్ణి. చదివేవాళ్లు పెద్దగా లేరు.

ఒక ఏడు వానల్లేవు. బోరు ఎండిపోయింది. నాయన బెంగళూరికి వాచ్‌మన్ పనికి పోయాడు. నేను షాపు మానేసి, అమ్మకు తోడుగా ఊళ్లో ఉండిపోయాను. రాయడం ఆగిపోయింది. ఎవరితోనూ మాట్లాడబుద్ధయ్యేది కాదు, అన్నం సయించేది కాదు.

ఒక మధ్యాహ్నం టీచరమ్మ బస్సు దిగి, మా ఇల్లెక్కడని అడుగుతూ వచ్చారు.

"ఏమిరా, నీ బ్లాగులో కొత్తది ఏమీ రాలే? ఒళ్లు బాగలేదేమో అని వచ్చినా."

"ఏం రాయాల మేడమ్? చేనంతా ఎండిపోయె."

"ఎండిపోయిందనే రాయి."

ఆ వారమే హిందూపురం వెళ్లి, నెట్ సెంటర్లో కూర్చుని అదే రాశాను. ఎక్కడెక్కడి రైతుబిడ్డలో తమ చేల సంగతులు చెబుతూ జవాబులు రాశారు. అది చదివిన ఒక పత్రిక సంపాదకుడు నన్ను పిలిచి పని ఇచ్చాడు. ఈనాటికీ నా బతుకుతెరువు రాయడమే.

మా ఊరికి వచ్చిన ఆ రోజు, తిరుగు బస్సెక్కేముందు ఆమె మా చేను చూస్తానన్నారు. ఒక వేరుశెనక్కాయ చెట్టును వేళ్లతో సహా పీకి, "పూలనుంచి ఊడలు మట్టిలోకి దిగినాయి, కాయలే ఊరలేదు" అంటూ చాలాసేపు చూశారు. దాన్ని పారేయలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒళ్లో పెట్టుకున్నారు. బస్సు కదిలిన కుదుపుకు వేళ్లకున్న ఎర్రమట్టి ఆమె చీర మీద రాలింది. ఆమె దులుపుకోలేదు.